చుట్టల జుట్టుకు తనదైన శాస్త్రం

తడి తల దువ్వకూడదని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్తూ ఉంటారు. మంచి మాటే. నీళ్లు పీల్చిన వెంట్రుక మెత్తబడి సాగుతుంది, ఆ సాగుడు హద్దు దాటితే తెగుతుంది. జుట్టు నిటారుగా ఉన్నవాళ్లు తల కాస్త ఆరాకే దువ్వుకోవాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ కూడా చెప్తుంది. అదే అకాడమీ, బిగుతు చుట్టల జుట్టున్నవాళ్లకు మాత్రం దీనికి పూర్తిగా ఎదురు సలహా ఇస్తుంది: తడి ఉండగానే దువ్వండి, వెడల్పు పళ్ల దువ్వెనతో దువ్వండి అని. ఈ రెండింటిలో ఏదీ తప్పు కాదు. ఏ సలహా అయినా ఒక రకం జుట్టును చూసి పుట్టినదే, ఆ జుట్టుకే చెల్లుతుంది. ఆఫ్రికా మూలాలున్న కోట్లాది మంది జుట్టు విషయంలో ఎన్నో దశాబ్దాలు ఈ చిన్న సంగతిని ఎవరూ పట్టించుకోలేదు. వేరొకరి జుట్టుకు సరిపోయే దువ్వెనను, షాంపూను, మందును, సలహాను తెచ్చి దాని మీద ప్రయోగించారు. అవి పనిచేయకపోతే జుట్టే మొండిదన్నారు. ఆ జుట్టు మొండిది కాదనీ, దానికి తనదైన శాస్త్రం ఉందనీ, ఆ శాస్త్రాన్ని చదివిన చర్మవైద్యుల దగ్గరా, తరతరాలుగా ఆ జుట్టును అల్లుతూ వచ్చిన చేతుల దగ్గరా కలిపి నేర్చుకోవాలనీ చెప్పడానికే ఈ ప్రసంగం.

మొదట వెంట్రుక దగ్గరికి వెళ్దాం. లోకంలో అందరి వెంట్రుకా కెరాటిన్ అనే ప్రొటీన్‌తోనే తయారవుతుంది. తేడా అంతా ఆకారంలో ఉంది. మాడులో వెంట్రుక పుట్టే కుదురు నిటారుగా ఉంటే వెంట్రుక నిటారుగా వస్తుంది, దాన్ని అడ్డంగా కోసి చూస్తే దాదాపు గుండ్రంగా కనిపిస్తుంది. ఆఫ్రో జుట్టులో కుదురే చర్మం లోపల వంపు తిరిగి ఉంటుంది. వెంట్రుక అడ్డకోత బల్లపరుపుగా, అండాకారంలో ఉంటుంది. అందుకే బయటికి వచ్చిన వెంట్రుక తన చుట్టూ తాను మెలి తిరుగుతూ చిన్న చిన్న చుట్టలుగా పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి నుంచి మూడు ఫలితాలు వస్తాయి. మాడులోని గ్రంథులు సీబం అనే జిడ్డును స్రవిస్తాయి. నిటారు వెంట్రుక మీద అది సులువుగా కొసదాకా జారుతుంది. చుట్టల వెంట్రుక మీద ప్రతి మలుపు దగ్గరా ఘాట్ రోడ్డెక్కిన బండిలా నెమ్మదించి, కొసకు చేరకుండానే ఆగిపోతుంది. కాబట్టి మాడు జిడ్డుగా ఉన్నా కొసలు పొడిబారి ఉంటాయి. రెండోది, వెంట్రుక మెలి తిరిగిన ప్రతి చోటా బలహీనమైన బిందువు ఒకటి ఏర్పడుతుంది. దువ్వెన లాగినప్పుడు తెగేది అక్కడే. మూడోది, పక్కపక్క చుట్టలు ఒకదానిలో ఒకటి దూరి ముడిపడతాయి. చిక్కు పడటం ఆ జుట్టు స్వభావం. అజాగ్రత్త వల్లే చిక్కుపడిందని పిల్లను తిట్టే తల్లి, టీచరు ఆ పిల్లకు అన్యాయం చేస్తున్నట్టే.

ఆఫ్రో జుట్టు పెరగదనే నమ్మకం చాలా దేశాల్లో పాతుకుపోయింది. పరిశోధన ఏం చెప్తుందో చూడండి. 2001లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో వచ్చిన ఒక అధ్యయనంలో ఆఫ్రికన్ వెంట్రుక రోజుకు సగటున 256 మైక్రోమీటర్లు, యూరోపియన్ మూలాలవారి వెంట్రుక 396 మైక్రోమీటర్లు పెరిగినట్టు లెక్క తేలింది. వేగం తక్కువే. అయినా ఆ లెక్కన ఏడాదికి 9 సెంటీమీటర్లు పెరగాలి. ఏళ్ల తరబడి జుట్టు భుజం దాటలేదంటే, పెరిగిందంతా ఎక్కడో తెగిపోతూ ఉండాలి. దక్షిణాఫ్రికా చర్మవైద్యురాలు నోన్‌హ్లాన్‌హ్లా ఖుమాలో, ఆమె సహచరులు 2000లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూపించింది ఇదే. ఆఫ్రికన్ జుట్టు నుంచి వచ్చిన వెంట్రుకల్లో కుదురుతో సహా ఊడినవి తక్కువ, మధ్యలో తెగినవి ఎక్కువ. ముడులు కూడా మిగతా జాతుల వెంట్రుకల్లో కంటే చాలా ఎక్కువ. ఈ ఫలితం తెలిశాక సమస్య రూపమే మారిపోతుంది. జుట్టు పెంచే మందు కోసం వెతకడం మానేసి, పెరిగిన జుట్టును తెగకుండా కాపాడటం ఎలాగని అడగాలి. నిపుణుల సలహాలన్నీ ఈ ప్రశ్నకు జవాబులే.

ఆ జవాబులు మొదటిసారి వినేవారికి వింతగా ఉంటాయి. తలస్నానం రోజూ వద్దు. వారానికి ఒకసారి, లేదా రెండు వారాలకు ఒకసారి చాలు. రోజూ షాంపూ పెడితే కొసల్లో ఉన్న కాస్త జిడ్డూ కడుక్కుపోతుంది. షాంపూ నురుగు మాడుకు తగిలితే చాలు, కొసలకు రుద్దక్కర్లేదు. స్నానం చేసిన ప్రతిసారీ కండిషనర్ తప్పదు, ముఖ్యంగా కొసలకు, ఎందుకంటే జుట్టులో అన్నిటికంటే పాతబడి, అరిగిపోయిన భాగం అదే. కండిషనర్ జారుడు ఉండగానే జుట్టును పాయలుగా విడదీసి, వేళ్లతో గానీ వెడల్పు పళ్ల దువ్వెనతో గానీ చిక్కు తీయాలి. కొస దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా కుదురు వైపు రావాలి. కుదురు దగ్గర దువ్వెన గుచ్చి కిందికి లాగితే దారిలో ఉన్న ముడులన్నీ కిందికి జారి ఒకే చోట బిగుసుకుంటాయి. అప్పుడు కత్తెర తప్ప దారి ఉండదు. ఆరబెట్టడానికి గరుకు తువ్వాలుతో రుద్దకుండా మెత్తని బట్టతో అద్దాలి. తేమ ఉండగానే క్రీమో నూనో రాసి ఆ తేమను లోపలే నిలపాలి. రాత్రి పడుకునేటప్పుడు సాటిన్ టోపీ పెట్టుకోవాలి, లేదా సాటిన్ గలీబు వాడాలి. నూలు గలీబు వెంట్రుకను ఒరుసుకుంటుంది, ఉన్న తేమను పీల్చేస్తుంది. ఇందులో ఏ ఒక్కటీ ఖరీదైన పని కాదు. కానీ ఓపిక కావాలి. ఆఫ్రికన్ అమెరికన్ ఇళ్లలో తలస్నానానికి వారంలో ఒక పూట పూర్తిగా కేటాయించి, తల్లి ముందు పిల్ల కూర్చుని గంటల తరబడి జుట్టు చేయించుకోవడం ఉంది. దాన్ని వాళ్లు వాష్ డే అంటారు.

నూనె సంగతికి వస్తే తెలుగువారికి చెవులు నిక్కబొడుచుకుంటాయి. స్నానానికి ముందు నూనె పెట్టే తలంటు మనకు తెలిసినదే. చుట్టల జుట్టుకు షాంపూ ముందు నూనె పట్టించమని చెప్పే నిపుణుల మాటకు గట్టి ఆధారం ఒకటి మన దేశం నుంచే వచ్చింది. 2003లో ముంబై పరిశోధకులు కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడు నూనెను, మినరల్ ఆయిల్‌ను పోల్చి, తలస్నానంలో వెంట్రుక కోల్పోయే ప్రొటీన్‌ను గణనీయంగా తగ్గించినది కొబ్బరినూనె ఒక్కటేనని చూపించారు. కొబ్బరిలోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, నిటారైనది, కాబట్టి వెంట్రుక లోపలికి వెళ్లగలుగుతుంది. మిగతావి పైనే ఉండిపోతాయి. ఆ పరిశోధకులు కొబ్బరినూనె అమ్మే కంపెనీ ఉద్యోగులే. ఆ సంగతి గుర్తుంచుకునే చదవాలి, అయినా వారు ఇచ్చిన కారణం రసాయనశాస్త్రానికి నిలుస్తుంది. ఆముదం కథ ఇలాంటిది కాదు. వేయించిన గింజల నుంచి తీసే జమైకా నల్ల ఆముదం నల్లజాతి స్త్రీల ఇళ్లలో ఎంతో పేరున్న వస్తువు. పాలమూరు, నల్లగొండ చేలల్లో పండే గింజా ఆ జాతిదే. చిక్కగా ఉండి తేమను పట్టి ఉంచుతుంది, నిజమే. జుట్టును మొలిపిస్తుందన్నదానికి మాత్రం గట్టి రుజువు లేదు. నూనె మాడుకు దట్టంగా పట్టించడం వల్ల చుండ్రు తగ్గుతుందన్న నమ్మకం ఇంకా ప్రమాదకరం. చుండ్రుకు తోడ్పడే మలసేజియా అనే శిలీంధ్రం ఆ కొవ్వును తినే బతుకుతుంది. ఇలాంటి చోట ఇంటి అనుభవాన్ని వైద్యం సరిదిద్దాలి.

వైద్యాన్ని అనుభవం సరిదిద్దాల్సిన చోట్లు కూడా అన్నే ఉన్నాయి. చుండ్రుతో వచ్చిన రోగికి వైద్యుడు కీటోకొనజోల్ షాంపూ రాసి, వారానికి రెండుసార్లు తలస్నానం చేయమంటాడు. నిటారు జుట్టుకు సరిపోయే ఆ చీటీనే ఆఫ్రో జుట్టున్న స్త్రీ చేతిలో పెడితే రెండు వారాల్లో ఆమె జుట్టు గడ్డిలా ఎండి తెగడం మొదలవుతుంది. మూడో వారం ఆమె ఆ మందు మానేస్తుంది. తప్పు రోగి మీదికి పోతుంది. ఆ జుట్టు తెలిసిన వైద్యులు అదే మందును వారానికి ఒకసారి, జుట్టుకు తగలకుండా మాడుకు మాత్రమే పట్టించి, ఆ వెంటనే కొసలకు కండిషనర్ రాయమంటారు. న్యూయార్క్‌లో 1999లో డాక్టర్ సుసాన్ టేలర్ తెల్లవారు కానివారి చర్మ సమస్యల కోసం స్కిన్ ఆఫ్ కలర్ సెంటర్ స్థాపించడానికీ, 2004లో స్కిన్ ఆఫ్ కలర్ సొసైటీ ఏర్పడటానికీ వెనక ఇలాంటి అనుభవాల పెద్ద పోగే ఉంది. చర్మవైద్యం ఎన్నో దశాబ్దాల పాటు తెల్లవారి చర్మాన్ని, తెల్లవారి జుట్టును చూసి పాఠాలు రాసుకుంది. ఆ పాఠాలు చదివిన వైద్యుడు చెడ్డవాడు కానక్కర్లేదు. అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే.

బిగుతు జడల విషయంలో రెండు జ్ఞానాలూ ఎదురెదురుగా నిలబడతాయి. మాడుకు అంటి వరుసలుగా అల్లే కార్న్‌రోలు, సన్నని జడలు, సవరాలు కలిపి అల్లే పొడుగు జడలు నిజంగానే రక్షణ ఇస్తాయి: కొసలు లోపల దాగుతాయి, రోజూ దువ్వక్కర్లేదు, తేమ నిలుస్తుంది. కానీ బిగించి అల్లితే నుదుటి అంచు వెంట, కణతల దగ్గర వెంట్రుకలు కుదుళ్లతో సహా ఊడిపోతాయి. దీన్ని ట్రాక్షన్ అలోపేసియా అంటారు. ఇది ఆఫ్రికన్ల జబ్బు అనుకోకండి. మొదటి వర్ణన 1907లో గ్రీన్‌లాండ్ స్త్రీల బిగుతు కొప్పుల గురించి వచ్చింది, జుట్టును నడినెత్తికి లాగి ముడివేసే సిక్కు పురుషుల్లోనూ వైద్యులు చూశారు. బిగుతు జడ వేసిన ఏ తలకైనా ఇది వస్తుంది. కేప్‌టౌన్‌లో ఖుమాలో బృందం చేసిన సర్వేల్లో బడికి వెళ్లే ఆడపిల్లల్లో 17.1 శాతం మందిలో, పెద్ద వయసు స్త్రీలలో 31.7 శాతం మందిలో ఇది కనిపించింది. రసాయనంతో సాగదీసి నిటారు చేసిన జుట్టును మళ్లీ బిగించి అల్లినవారికి ముప్పు అన్నిటికంటే ఎక్కువ. అల్లేటప్పుడు నొప్పి పుట్టిందని చెప్పినవారిలోనూ ఎక్కువే. అందం కావాలంటే ఓర్చుకోవాలి అని పిల్లలకు చెప్పే మాట ఇక్కడ హాని చేస్తుంది. నొప్పి అంటే కుదురు దెబ్బతింటోందని అర్థం. అల్లేవారిని ఆపి, విప్పి, మళ్లీ వదులుగా వేయమనాలని అకాడమీ స్పష్టంగా చెప్తుంది. మొదట్లో పట్టుకుంటే పోయిన జుట్టు తిరిగి వస్తుంది, ఏళ్ల తరబడి సాగితే కుదురు మచ్చపడి శాశ్వతంగా పోతుంది. అయితే దీని పరిష్కారం జడలు మానేయమనడం కాదు. ఏ జడ ఎంత బరువు మోస్తుందో, ఎన్ని వారాలకు విప్పాలో, నుదుటి అంచున ఎన్ని వెంట్రుకలు వదిలేయాలో మంచి జడల నిపుణురాలికి వేళ్లకు తెలుసు. వైద్యుడి దగ్గర కారణం ఉంది, ఆమె దగ్గర నేర్పు ఉంది.

జుట్టును సాగదీయడం గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తికాదు. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో సెయింట్ లూయిస్‌లో ఆనీ టర్న్‌బో మలోన్, ఆమె దగ్గర అమ్మకపు ఏజెంటుగా ఉండి తర్వాత సొంత వ్యాపారం పెట్టిన మేడమ్ సి.జె. వాకర్ వేల మంది నల్లజాతి స్త్రీలకు జుట్టు సంరక్షణ నేర్పారు. వాకర్ అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867లో లూసియానాలో పుట్టింది, తల్లిదండ్రులు బానిసత్వం చూసినవారు. ఇంట్లో నీళ్ల సౌకర్యం లేక మాడు జబ్బులతో జుట్టు రాలిపోయే స్త్రీలకు ఆమె మొదట చెప్పింది మాడు శుభ్రంగా ఉంచుకోవాలని. కాల్చిన ఇనుప దువ్వెనను కూడా ఆమె పద్ధతిలో వాడారు గనుక ఆమెను సాగదీతకు ప్రచారకర్తగానే గుర్తుపెట్టుకోవడం న్యాయం కాదు. ఆ తర్వాతి తరానికి రసాయన రిలాక్సర్లు వచ్చాయి. వీటిలో ఒక రకంలో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా. వెంట్రుక ఆకారాన్ని పట్టి ఉంచేవి కెరాటిన్‌లోని గంధకపు బంధాలు. ఆ క్షారం వాటిని తిరిగి అతకనివ్వకుండా మార్చేస్తుంది. చుట్ట పోతుంది, దానితో పాటు వెంట్రుక బలమూ పోతుంది. మాడుకు తగిలితే కాలుతుంది. తప్పనిసరిగా వాడేవారు కొత్తగా పెరిగిన భాగానికే, రెండు నుంచి నాలుగు నెలలకు ఒకసారి మాత్రమే, నేర్పున్నవారి చేత వేయించుకోవాలని చర్మవైద్యుల సలహా.

2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సిస్టర్ స్టడీ ఫలితం ఒకటి వచ్చింది. 33,497 మంది స్త్రీలను దాదాపు 11 ఏళ్లు గమనించారు. 70 ఏళ్ల వయసులోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం, జుట్టు సాగదీసే మందులు ఎన్నడూ వాడనివారిలో 1.64 శాతం, తరచూ వాడేవారిలో 4.05 శాతం అని అంచనా కట్టారు. తరచూ అంటే అంతకుముందు ఏడాదిలో నాలుగు సార్ల కంటే ఎక్కువ. ఈ సంఖ్యను చూసి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ అధ్యయనంలో చేరిన స్త్రీలందరూ రొమ్ము క్యాన్సర్ వచ్చిన అక్కచెల్లెళ్లు ఉన్నవారే. సంబంధం కనిపించింది గానీ మందే కారణమని అది తేల్చలేదు. జాతిని బట్టి ముప్పు తేడా కనిపించలేదు. కానీ ఆ మందులు వాడినవారిలో దాదాపు 60 శాతం నల్లజాతి స్త్రీలే కాబట్టి, ముప్పు నిజమైతే దాని భారం ఎవరి మీద పడుతుందో ఊహించవచ్చు. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: జుట్టు సాగదీసుకోవాలా వద్దా అన్నది ఆ స్త్రీ ఇష్టం, మధ్యలో మీరెవరు? సరైన అభ్యంతరమే. వద్దనే హక్కు ఎవరికీ లేదు. కానీ సహజమైన జుట్టుతో ఉద్యోగం రాదన్న భయం ఒకవైపు, దాన్ని చూసుకోవడం ఎలాగో నేర్పేవారు లేకపోవడం మరోవైపు ఉన్నంతకాలం, ఆ నిర్ణయాన్ని పూర్తిగా ఆమె ఇష్టమనడం కష్టం. రెండు దారులూ తెలిసి, రెండింటి ఖర్చూ తెలిసి ఎంచుకున్నది ఇష్టం.

మరికొందరి అనుమానం ఇంకొకటి: నిపుణులే మాట మారుస్తారు కదా, ఎవరిని నమ్మాలి? మాట మార్చిన సందర్భం ఒకటి చెప్పుకుందాం. నడినెత్తిన మొదలై చుట్టూ వ్యాపించే ఒక రకం బట్టతల నల్లజాతి స్త్రీలలో కనిపిస్తుంది. 1968లో అమెరికా వైద్యులు దీనికి కాల్చిన దువ్వెనే కారణమని, ఆ పేరే పెట్టారు. తర్వాత చూస్తే ఆ దువ్వెన ఎన్నడూ తాకని స్త్రీలకూ ఆ జబ్బు వచ్చింది. పేరు మార్చాల్సి వచ్చింది. 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన, వెంట్రుక ఆకృతికి అవసరమైన పాడి3 అనే జన్యువులో మార్పులు ఈ జబ్బున్న కొందరు స్త్రీలలో ఉన్నాయని చూపించింది. అంటే యాభై ఏళ్ల పాటు ఎందరో స్త్రీలు తమ బట్టతలకు తామే కారణమన్న మాట విన్నారు. నిపుణులు పొరపడ్డారు, తిరిగి చూశారు, సరిదిద్దుకున్నారు. నాకు ఇది వారిని నమ్మకపోవడానికి కారణంగా కనిపించదు. ఒక వస్తువును అమ్మేవాడు తన మాటను ఇలా మార్చుకోడు. కాకపోతే ఆ జబ్బున్న స్త్రీలు మేము ఆ దువ్వెన వాడలేదు మొర్రో అని చెప్పినప్పుడే విని ఉంటే ఇంత కాలం పట్టేది కాదు.

ఇదంతా జుట్టు గురించే కదా, ఇంత చర్చ దేనికి అనే పెద్దమనుషులు ఉంటారు. 2012లో ఒక అమెరికన్ చర్మవైద్య పత్రిక 103 మంది ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలను అడిగిన అధ్యయనం ప్రచురించింది. వారిలో దాదాపు 38 శాతం మంది జుట్టు పాడవుతుందని ఎప్పుడో ఒకప్పుడు వ్యాయామం మానుకున్నామన్నారు. అంతకు ముందటి ఏడాదే అప్పటి అమెరికా సర్జన్ జనరల్ రెజీనా బెంజమిన్ అట్లాంటాలో జుట్టు నిపుణుల మహాసభకు స్వయంగా వెళ్లి దీని గురించి మాట్లాడింది. మధుమేహం, రక్తపోటు గురించి దిగులుపడే వైద్యురాలికి అది చిన్న విషయం కాదని తెలుసు. వైద్య పరీక్షల్లోనూ జుట్టు అడ్డం వస్తుంది. మెదడు విద్యుత్తును కొలిచే ఈఈజీ పరీక్షలో ఎలక్ట్రోడ్లు మాడుకు అంటాలి. ఒత్తైన చుట్టల జుట్టులో అవి అంటవు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థిని, ప్రొఫెసర్ పుల్కిత్ గ్రోవర్ ప్రయోగశాలలో కలిసి పనిచేసి, జుట్టును కార్న్‌రోలుగా అల్లి ఆ వరసల మధ్య బిగించే క్లిప్పు ఎలక్ట్రోడ్లు తయారు చేసింది. జడల నేర్పు నాడీవైద్యానికి అక్కరకు వచ్చింది. ఆటల్లోనూ జుట్టు చిన్న విషయం కాదు: ఆఫ్రో జుట్టు పట్టే పెద్ద ఈత టోపీని అంతర్జాతీయ ఈత సంఘం 2021లో టోక్యో ఒలింపిక్స్‌కు తిరస్కరించి, 2022లో ఒప్పుకుంది.

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటాం మనం. ఆఫ్రికన్ మూలాల స్త్రీకి ఏ కొప్పు పెట్టుకోవాలో చట్టాలు, కోర్టులు నిర్ణయించాయి. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష రోజుల్లో జుట్టులో పెన్సిల్ గుచ్చి, అది జారిపడకపోతే ఆ మనిషి తెల్లజాతి కాదని తేల్చేవారు. 2016లో, ఆ పాలన పోయి ఇరవై ఏళ్లు దాటాక కూడా, ప్రిటోరియాలో ఒక బాలికల ఉన్నత పాఠశాలలో నల్లజాతి పిల్లలు తమ సహజమైన జుట్టు కోసం నిరసనకు దిగాల్సి వచ్చింది. అమెరికాలో 1981లో ఒక ఫెడరల్ కోర్టు, కార్న్‌రోలు వద్దన్న విమాన సంస్థ నిబంధనలో జాతి వివక్ష లేదంది. 2019లో కాలిఫోర్నియా క్రౌన్ చట్టం తెచ్చి, జుట్టు తీరును బట్టి బడిలోనూ ఉద్యోగంలోనూ వివక్ష చూపడాన్ని నిషేధించిన మొదటి రాష్ట్రమైంది. తర్వాత ఎన్నో రాష్ట్రాలు అనుసరించాయి. 2022లో ప్రతినిధుల సభ ఒప్పుకున్న దేశవ్యాప్త బిల్లు సెనేట్ దాటలేదు. చట్టం ఆ జుట్టును బతకనిస్తుంది. చూసుకోవడం మాత్రం చదువు నేర్పాలి. అందుకే నాకు ఇంకా విలువైనవిగా తోచే మార్పులు క్షౌరవిద్యలో వచ్చినవి. 2021లో బ్రిటన్ తన జాతీయ ప్రమాణాలను సవరించి, ఆఫ్రో జుట్టు పనిని ప్రధాన శిక్షణలో భాగం చేసింది. 2023లో న్యూయార్క్ రాష్ట్రం అన్ని రకాల జుట్టుపైనా శిక్షణ ఉండాలని చట్టం చేసింది. అంతకుముందు ఒక్క చుట్టల జుట్టునూ ముట్టకుండానే సెలూన్ లైసెన్సు పుచ్చుకోవడం మామూలు.

ఈ విషయం తెలుగువారికి దూరమైనది కాదు. తిరుమల కల్యాణకట్టలో సమర్పించిన తలనీలాలు దేవస్థానం వేలంలో అమ్ముడై విదేశాలకు వెళ్తాయి. వాటితో తయారైన సవరాలు, విగ్గులు ఎందరో ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీల తలలకు చేరుతున్నాయి. అమెరికన్ హాస్యనటుడు క్రిస్ రాక్ నిర్మించిన 2009 నాటి గుడ్ హెయిర్ డాక్యుమెంటరీ ఆ దారినే వెతుక్కుంటూ భారతదేశం వచ్చింది. మన వెంట్రుక ఆమె వెంట్రుకకు ముడిపడి ఉంది. ఆ ముడి ఎంత బరువు మోస్తుందో, దాని కింద కుదురు ఏమవుతుందో తెలుసుకోవడం సరుకు పంపేవారికి పట్టని సంగతి కాకూడదు. హైదరాబాద్‌లో నిజాం కాలపు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు ఏసీ గార్డ్స్ అనే ప్రాంతానికి ఇప్పటికీ నిలిచే ఉంది. ఆ దళంలో పనిచేసిన సిద్దీల, అంటే ఆఫ్రికన్ మూలాలవారి, కుటుంబాల వారసులు నగరంలోనే ఉన్నారు. ఆఫ్రికా దేశాల విద్యార్థులు ఉస్మానియాలో చదువుకుంటున్నారు. అమెరికా, బ్రిటన్ ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు వైద్యులు, నర్సులు ప్రతిరోజూ ఈ జుట్టున్న రోగులను చూస్తున్నారు. వారికి చుండ్రు మందు రాసేముందు వారానికి ఎన్నిసార్లు తల కడుగుతారని అడగడం, ఆపరేషన్‌కు ముందు జడలు కత్తిరించాల్సిందేనా, విప్పితే సరిపోతుందా అని ఆలోచించడం ఏ పాఠ్యపుస్తకం కోసమూ ఆగక్కర్లేని పనులు. మన ఐటీఐలలో కాస్మెటాలజీ ఒక ట్రేడ్‌గా ఉంది. హైదరాబాద్‌లో ఆ పాఠం చెప్పే గదిలో చుట్టల జుట్టుకు కొన్ని తరగతులు కేటాయించవచ్చు. వెడల్పు పళ్ల దువ్వెన, కండిషనర్, నీళ్ల స్ప్రే సీసా, కొబ్బరినూనె ఉంటే సామగ్రి సరిపోతుంది. బోధించడానికి ఒక చర్మవైద్యుణ్ణి, ఆయన పక్కన, చిన్నప్పటి నుంచి ఆ జుట్టును అల్లుతూ పెరిగిన ఒక సిద్దీ స్త్రీనో ఆఫ్రికన్ విద్యార్థినినో గౌరవవేతనం ఇచ్చి పిలవాలి.